డయాలసిస్ మంచం మీద బౌద్ధ సాధన: ఉద్దానం నుంచి విశాఖ వచ్చిన ఒక రైతు కేసు

మనిషి, పరిస్థితి

యాభై దాటిన కొబ్బరి రైతు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తోటలో సగానికి పైగా చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అప్పుచేసి నాటాడు. ఆ మొక్కలు గెల వెయ్యకముందే రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయని తేలింది. ఇప్పుడు విశాఖలో ఆరిలోవ వైపు ఒక గది అద్దెకు తీసుకుని భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్, విడతకు 4 గంటలు. కొడుకు గాజువాకలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు.

బౌద్ధ సాధన నేర్పే మా దగ్గరికి తీసుకొచ్చింది భార్య. ఆవిడ ఫిర్యాదు చాలా సూటిగా ఉంది: నీళ్లు కొలత దాటి తాగుతున్నాడు, అడిగితే తిడుతున్నాడు, నెలలో రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లనని పడుకున్నాడు. ఆయన మాత్రం ఒక్కటే అన్నాడు: "సారా ముట్టనేదు, సుట్ట కాల్చనేదు. మరి నాకే ఎందుకొచ్చినాది బాబూ? ఏ జన్మల ఏటి పాపం సేసినానో."

ఉద్దానం మనిషి నోట ఈ ప్రశ్నకి బరువెక్కువ. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు ఇంటింటికీ తెలుసు. తాగే నీళ్లని కొందరు, నేలని కొందరు, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పనిని కొందరు అనుమానించారు. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగాయి. ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలుపెట్టి చూపించగలిగినవాళ్లు ఇంకా లేరు. డాక్టరు కారణం చెప్పలేని చోట పూర్వజన్మ వచ్చి కూర్చుంటుంది.

సాధనకి ముందు చూడవలసినవి

డయాలసిస్ "మానేత్తాను" అన్న మాటని ధ్యానంతో సర్దడానికి చూడకూడదు. డయాలసిస్ ఆపితే ఏమవుతుందో రోగికి బాగా తెలుసు కాబట్టి అది అలసట కావచ్చు, చచ్చిపోవాలన్న కోరికా కావచ్చు. సూటిగా అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా? ఎలా అన్నది కూడా ఆలోచించారా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది ఒట్టి భయం. ఈ కేసులో ముందు మానసిక వైద్యుడి దగ్గరికి పంపాం. విశాఖలో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అర్ధరాత్రి అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు కుంగుబాటు ఉందని తేల్చి, కిడ్నీ రోగికి పనికొచ్చే మందు రాశారు. మందు మొదలయ్యాక, డాక్టరు సరేనన్నాకే సాధన. ధ్యానం మొదలెట్టారు కదా, ఇంక మాత్రలెందుకు అనే గురువులు ఊరికొకరు ఉన్నారు. అలాంటి సలహా ఎవరిచ్చినా ఆ గుమ్మం మళ్లీ తొక్కొద్దని ఇద్దరికీ చెప్పాం.

చుట్టాలెవరో పదిరోజుల విపశ్యన శిబిరానికి పంపమన్నారట. రోజు విడిచి రోజు డయాలసిస్ ఉన్న మనిషికి అది అసలు కుదరదు. ఇంకెవరో కుంభకం నేర్పారు. బీపీ ఎక్కువున్నవాళ్లు ఊపిరి బిగబట్టకూడదు కాబట్టి అది ఆ రోజే మాన్పించాం.

కర్మ సంగతి

బౌద్ధం పేరు చెప్పగానే "అంతా కర్మఫలం, అనుభవించాలి" అన్న మాట వస్తుందని ఆయన ఎదురుచూశాడు. నిజానికి ఈ విషయంలో బౌద్ధుల మూల గ్రంథాలైన పాళీ త్రిపిటకంలో ఉన్నది వేరు. అందులో సంయుత్త నికాయం అనే సంకలనంలోని వేదనా సంయుత్తంలో మోళియసీవకుడనే పరివ్రాజకుడు ఇదే అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలమేనని కొందరంటున్నారు, తమరేమంటారు? బుద్ధుడు ఎనిమిది కారణాలు చెబుతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసి రావడం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి దెబ్బ, చివరగా కర్మవిపాకం. ఎనిమిదింటిలో కర్మ ఒకటి. అంతా పూర్వకర్మే అనేవాళ్లు తమ కళ్లతో చూసినదాన్నీ, లోకం ఒప్పుకున్నదాన్నీ దాటిపోతున్నారని కూడా అక్కడే అంటాడు.

ఈ భాగాన్ని రైతుకి తెలుగులో చదివి వినిపించాం. వ్యాఖ్యానం చెయ్యలేదు. పిత్తం, వాతం ఆయనకి తెలిసిన మాటలే. "అయితే నా తప్పు కాకపోవచ్చన్నమాట" అన్నాడు. అప్పటికి అంతే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. నేరభావం తగ్గినంత మాత్రాన "ఎందుకు" అనే ప్రశ్న పోదు. కారణం తెలియకపోయినా చెయ్యడానికి పని ఉంది అన్నదాకా మనిషిని తీసుకురావాలి. కిసాగోతమి కథని మనవాళ్లు మరణం అందరికీ తప్పదన్న నీతి కోసం చెబుతారు. పద్ధతి కోసం చదివితే అందులో ఇంకోటి కనిపిస్తుంది. చచ్చిపోయిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి బుద్ధుడు ఉపన్యాసం ఇవ్వలేదు. చావు జరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పని అప్పగించాడు. ఆమె గడప గడపా తిరిగి, తలుపు తట్టి, జవాబు విని తనంతట తాను తెలుసుకుంది. బుద్ధుడి మొదటి ఉపదేశంలో నాలుగు సత్యాలకీ నాలుగు పనులున్నాయి: దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, దాని మూలాన్ని విడవాలి, నిరోధాన్ని స్వయంగా చూడాలి, మార్గాన్ని అభ్యసించాలి. కష్టానికి అర్థం వెతికేవాళ్లు ఈ నాలుగింటినీ సిద్ధాంతంగా బట్టీపట్టి, పనుల్ని వదిలేస్తారు. ఈ కేసు మొత్తం మొదటి పని చుట్టూనే నడిచింది.

రెండు బాణాల ఉపమానం ఇప్పుడు అందరికీ తెలుసు: ఒంటి నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పడే బాధ రెండోది. దాన్ని మొదటి రోజే చెప్పకూడదు. "రెండో బాణం నువ్వే వేసుకుంటున్నావు" అన్నట్టు రోగికి వినిపిస్తుంది, పాత నేరభావం కొత్త గుమ్మంలోంచి లోపలికొస్తుంది. ఈయనకి మూడో నెలలో, రెండో బాణాన్ని తానే కనిపెట్టిన తర్వాత, ఆ సుత్తం (బుద్ధుడి ఉపదేశం) పేరు చెప్పాం.

మొదటి రెండు వారాలు

సాధారణంగా ఆనాపానసతితో, అంటే ఊపిరిని గమనించడంతో మొదలుపెడతారు. డయాలసిస్ రోగికి అది సరైన మొదలు కాదు. ఒంట్లో నీరు చేరినప్పుడు ఆయాసం ఉంటుంది. ఊపిరి మీద దృష్టి పెట్టమంటే ఆ ఆయాసమే పెద్దదై భయం రేగుతుంది. పైగా పడుకుంటే ఊపిరాడకపోవడం గమనించవలసిన అనుభవం కాదు, వెంటనే ఆసుపత్రికి చెప్పవలసిన లక్షణం.

అందుకని ఒంటికి తగిలే చోట్లు ఎంచుకున్నాం. ఎడమ మడమ, కుడి మడమ, పిరుదులు, కుడి అరచెయ్యి. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉంది కాబట్టి దాన్ని పక్కనపెట్టాం. ఒక్కోచోట నాలుగైదు ఊపిరులంత సేపు, అలా తిప్పుతూ 5 నిమిషాలు, రోజుకి మూడుసార్లు. గోడకి జారబడొచ్చు, పడుకోవచ్చు. పద్మాసనం వెయ్యకపోతే సాధన కాదేమోనని ఆయనకి అనుమానం. కపిలవస్తులో ఒక రాత్రి బుద్ధుడు నడుం నొప్పిగా ఉందని చెప్పి, ఉపదేశాన్ని ఆనందుడికి అప్పజెప్పి తాను పడుకున్న సంగతి త్రిపిటకంలోని మజ్ఝిమ నికాయంలో ఉంది. అది చెప్పాక ఆ గొడవ మళ్లీ రాలేదు.

డయాలసిస్ అయిన మధ్యాహ్నం సాధన పెట్టకూడదు. ఆ పూట ఒంట్లో శక్తి ఉండదు. నిద్ర వస్తే పడుకోవాలి.

దాహం

నిజమైన సాధన ఇక్కడ జరిగింది. డాక్టరు ఇచ్చిన కొలత రోజుకి 750 మిల్లీలీటర్లు. అందులో టీ, మజ్జిగ, చారు, మాత్ర మింగే నీళ్లు, ఐసుముక్క అన్నీ కలిపే. కొబ్బరినీళ్లు అసలే కూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ పనిచెయ్యనప్పుడు అది గుండె లయని దెబ్బతీస్తుంది. పుట్టి పెరిగిందే కొబ్బరిచెట్ల కింద అయిన మనిషికి ఈ నిషేధం డయాలసిస్ కంటే ఎక్కువ కష్టమైంది.

ముందు ఉప్పు సంగతి తేల్చాం. కొలత పెట్టినా దాహం ఆగకపోవడానికి పెద్ద కారణం ఉప్పు. గదిలో ఊరి నుంచి వచ్చిన ఎండుచేపలు, ఆవకాయ జాడీ ఉన్నాయి. ఉప్పు తగ్గించకుండా దాహాన్ని గమనించమని చెప్పడం మనిషిని హింసించడమే. ఎండుచేప, ఊరగాయ, అప్పడాలు పూర్తిగా ఆపించి, కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో ఆసుపత్రి డైటీషియన్ చేత భార్యకి చూపించాం. పది రోజుల తర్వాత మిగిలిన దాహంతో పని మొదలుపెట్టాం.

కొలతకి పద్ధతి ఇది. ఉదయం ఒక సీసాలో 750 మి.లీ. నీళ్లు నింపి గూట్లో, ఇద్దరికీ కనిపించేలా పెట్టాలి. టీ తాగితే ఆ టీ అంత నీళ్లు సీసాలోంచి ఒంపేయాలి. సీసాలో ఎంత ఉంటే ఆ రోజుకి అంతే మిగిలినట్టు. భార్య "ఎంత తాగినావు?" అని అడగడం ఆపేసింది, ఎందుకంటే సీసా కనబడుతూనే ఉంది. ఇంట్లో తగువు సగం అక్కడే తగ్గింది. సమ్యక్ వాక్కు గురించి గంటసేపు బోధించినా ఈ పని జరిగేది కాదు.

ఇక సాధన. దాహం వేసినప్పుడు వరసగా ఇలా:

ఎక్కడ వేస్తోందో చూడాలి: నాలుక చివరా, అంగిలా, గొంతా. ఫోనులో 3 నిమిషాలు టైమరు పెట్టాలి. ఆ మూడు నిమిషాల్లో చెయ్యవలసింది ఒకటే, ఆ చోట ఏం జరుగుతోందో మనసులో తన మాటల్లో చెప్పుకోవడం. "ఎండిపోనాది, గరుకుగ ఉంది, అంటుకుంటంది." తాగాలన్న ఊపు వచ్చినప్పుడు దానికి విడిగా "కావాలి" అని పేరు పెట్టాలి. టైమరు మోగాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. అప్పటికీ కావాలంటే సిరప్ సీసాతో వచ్చే లాంటి చిన్న కొలత కప్పుతో 30 మి.లీ. తాగాలి, నోట్లో కాసేపు ఉంచుకుని.

తాగకుండా గెలవడం లక్ష్యం కాదని పదే పదే చెప్పవలసి వచ్చింది. తాగినా తప్పులేదు, సీసా చూసుకుని తాగాలి. గమనించవలసింది నాలుక మీద ఉన్న ఎండుతనానికీ, "కావాలి" అన్న ఊపుకీ మధ్య ఉన్న తేడా. ఒకదాని మీద ఆధారపడి ఇంకొకటి పుడుతుందని చెప్పే ప్రతీత్య సముత్పాదంలో వేదన (నొప్పి అని కాదు, ఏ అనుభూతైనా) తర్వాత తృష్ణ వస్తుంది. పన్నెండు లంకెల్లో మామూలు మనిషి చెయ్యి పెట్టగలిగే చోటు ఇదే. మూడో వారంలో ఆయన చెప్పిన మాటని ఉన్నదున్నట్టు రాస్తున్నాం: "దాహం ఉండిపోద్ది బాబూ. కావాలి అన్నదే వొచ్చి ఎల్లిపోతంది."

మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య ఎక్కువ దాహం. విశాఖ ఉక్కపోతలో ఆ వేళ ఊరికే గదిలో కూర్చోవడమే తప్పు. చీర తడిపి కిటికీకి కట్టడం, తడిగుడ్డతో మెడా ముఖమూ తుడవడం, ఆ సమయంలో వండే వాసన రాకుండా చూడటం, ఇవన్నీ సాధనలో భాగమే అనుకోవాలి. సుత్తంలో చెప్పిన ఎనిమిది కారణాల్లో ఋతువు కూడా ఉంది కదా.

నాలుగు గంటలు

డయాలసిస్ మంచం మీద రోగి ఎటూ కదలలేడు. ఎడమ చేతిలో రెండు సూదులు, ఒకటి రక్తం తీసుకోవడానికి, ఒకటి తిరిగి పంపడానికి. ఆ చెయ్యి నాలుగు గంటలూ ఆడించకూడదు. ధ్యానానికి ఎంత తీరిక అని బయటివాళ్లకి అనిపిస్తుంది. నాలుగు గంటలూ ధ్యానం చెయ్యమంటే వారంలో మానేస్తారు. మేము ఇలా విడదీశాం.

సూది గుచ్చేటప్పుడు: కళ్లు మూసుకోవద్దు, సూదినీ చూడొద్దు. కుడి అరచెయ్యి పక్కమీద ఆనించి, ఆ తగులుడు మీదే మనసు. గుచ్చాక వచ్చిన నొప్పికి మూడింటిలో ఒక పేరు: బాగుంది, బాలేదు, ఏటీ కాదు. సతిపట్ఠానంలో (ఎరుకతో గమనించే బౌద్ధ సాధనలో) వేదనానుపశ్యన, అంటే అనుభూతుల్ని గమనించడం, మొదట ఇంతే, సుఖమా, దుఃఖమా, రెండూ కానిదా అని గుర్తించడం. "ఏటీ కాదు" అన్నవి ఒంట్లో ఎన్ని ఉన్నాయో తెలియడం ఆయనకి పెద్ద ఆశ్చర్యం. చెయ్యి నొప్పెడుతున్నప్పుడు కూడా వీపుకీ, చెవికీ, పాదానికీ ఏమీ కావడం లేదు.

మొదటి గంట మిగతా భాగం కబుర్లకి, నిద్రకి. రెండో గంటలో 20 నిమిషాలు సాధన, తగులుళ్లతో మొదలుపెట్టి వేదనల పేర్లతో. మిషను పంపు చప్పుడు ఒకే లయలో వస్తుంది. మనసు చెదిరితే దాన్ని పట్టుకోవచ్చు. అలారం మోగితే సాధన ఆపి టెక్నీషియన్ వైపు చూడాలి.

నాలుగో గంటలో సాధన వద్దు. ఒంట్లోంచి నీరు లాగేసరికి బీపీ పడిపోవడం, పిక్కలు పట్టెయ్యడం ఎక్కువగా అప్పుడే. ఆవలింతలు, చెమట, కళ్లు మసకబారడం, కడుపులో తిప్పడం వస్తే వెంటనే పిలవాలి. తల తేలికైనట్టు ఉండటాన్ని ధ్యానంలో వచ్చే తేలిక అని పొరబడే ప్రమాదం ఉంది. మొదటి రోజుల్లో ఈయన ఒకసారి పిక్క పట్టేస్తే చెప్పకుండా పళ్లబిగువున "గమనిస్తూ" కూర్చున్నాడు. చివరికి బీపీ బాగా పడిపోయి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఓర్చుకోవడం సాధన అనుకునేవాళ్లందరికీ ఇదే జరుగుతుంది. అప్పటి నుంచి మంచం దగ్గరి నియమం: ముందు చెప్పాలి, తర్వాత చూడాలి. చలి, వణుకు, జ్వరం, సూది చోట ఎర్రదనం, ఫిస్టులాలో గరగర తెలియకపోవడం, ఇవేవీ ధ్యాన వస్తువులు కావు.

నోటుబుక్కు

ఒక వంద పేజీల నోటుబుక్కు, పేజీ మధ్యలో గీత. ఎడమవైపు జరిగింది, కుడివైపు అనుకున్నది. ఆయన చదువు ఐదో తరగతి, అయినా చాలు. ఒక పేజీ ఇలా ఉంది. ఎడమ: "రాత్రి 11.20. కాలు దురద. గోకినాను." కుడి: "ఇది తగ్గదు. ఇంటిదానికి నిద్ర నేకుండ సేత్తన్నాను. నేనుండి ఏటి నాబం." ఇంకో రోజు ఎడమ: "తోట కాడి నుంచి ఫోను." కుడి: "మొక్కలు ఎండిపోయుంటాయి. అప్పు తీరదు." కొడుకు ఫోనులో చెప్పింది మాత్రం ఎరువు వేశామని.

నోటుబుక్కు మీద పని చెయ్యడానికి చెడు ఆలోచనల్ని ఎలా తగ్గించాలో చెప్పే వితక్కసంఠాన సుత్తంలోని ఐదు ఉపాయాలు తీసుకున్నాం. మంచి ఆలోచనని దాని స్థానంలో పెట్టడం, ఆ ఆలోచన వల్ల నష్టం చూడటం, పట్టించుకోకపోవడం, ఆ ఆలోచన దేని మీద నిలబడి ఉందో వెనక్కి వెళ్లి చూడటం, పళ్లు బిగించి మనసుతో మనసుని అణచడం. ఐదోది ఈయనకి వద్దన్నాం. ఓర్పుని బలప్రయోగంగా మార్చుకునే అలవాటు అప్పటికే ఉంది. మొదటిది కూడా తొందరగా వాడితే నకిలీ అవుతుంది. "నేనుండి ఏటి నాబం" అన్నదాని మీద "నేను ధన్యుణ్ని" అని అతికిస్తే అది రాత్రికే ఊడిపోతుంది. నాలుగోది పనిచేసింది. లాభం లేదన్న మాట దేని మీద నిలబడి ఉంది? సంపాదన లేదన్నదాని మీద. అది దేని మీద? ఇంట్లో మగాడి విలువ తెచ్చే డబ్బులో ఉందన్నదాని మీద. ఇంతదాకా వచ్చి ఆయన పెన్ను పక్కన పెట్టాడు. మేమూ ముందుకి తొయ్యలేదు.

మైత్రీ భావన (సుఖంగా ఉండాలని కోరుకునే సాధన) మొదట తనతో మొదలుపెట్టమని అంటారు. రెండో నెలలో అలాగే చేయిస్తే ఒంటి మీద కోపం ఇంకా పెరిగింది. "ఈ ఒంటికి సుఖమెందుకు?" అని లేచిపోయాడు. నేరభావం ఉన్నవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది. వరస మార్చి, మనసుకి సులువుగా ఇష్టమైనవారితో మొదలుపెట్టాలి. ఈయనకి అది మనవరాలు. తర్వాత భార్య, పక్క మంచం మనిషి, ఆఖర్న తాను.

భార్య

ఆవిడ మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లాలని మొక్కుకుంది. గురువారం డయాలసిస్ కాబట్టి కుదరడం లేదని బెంగ. వేకువ దర్శనం చేసుకుని ఆరున్నరకి ఆసుపత్రికి చేరేలా సర్దుకోమన్నాం. బౌద్ధ సాధన చేస్తున్నాం కదా, మొక్కులు మానాలా అని అడిగింది. అక్కర్లేదు. దేవుణ్ని మార్చడం ఈ పనిలో భాగం కాదు. సింహాచలం అప్పన్న మీద నమ్మకం ఉన్న మనిషి మడమ కింద నేలని గమనించలేదా? అయితే ఒకటి అడిగాం: మొక్కు తీరకపోవడం వల్లే జబ్బు తగ్గలేదని భర్త ముందు అనొద్దని. ఆ మాట కర్మ మాటకి తోబుట్టువు.

ఆవిడకి విడిగా రోజుకి 10 నిమిషాలు, ఆసుపత్రి వరండాలో, అదే తగులుళ్ల సాధన. సేవ చేసేవాళ్లని వదిలేసి రోగికి మాత్రమే నేర్పడం సగం పనే.

తొట్లకొండ

చలికాలంలో ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ భీమిలి దారిలో ఉన్న పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండకి వెళ్లొచ్చారు. వాహనం పైదాకా వెళ్తుంది కాబట్టి ఎక్కవలసిన పని లేదు. ఎండ ముదరకముందే దిగిపోవాలన్నది షరతు. అక్కడి స్తూపాలూ, విహారాల గదులూ సరే, ఆయన ఎక్కువసేపు నిలబడింది బండలో తొలిచిన నీటి తొట్ల దగ్గర. కొండ మీద భిక్షువులు వాన నీళ్లు పట్టి దాచుకున్న తొట్లవి. "ఈళ్లకీ కొలతేనన్నమాట" అన్నాడట. యాత్రలు లేకపోయినా సాధన సాగుతుంది, ఇది అదనం. సాలిహుండం అనే బౌద్ధ క్షేత్రం తన సొంత జిల్లాలోనే ఉందన్న సంగతి ఆయనకి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

పక్క మంచం

నాలుగో నెలకి కొత్తగా వచ్చే రోగులకి సీసా పద్ధతి చెప్పడం మొదలుపెట్టాడు. దానికి మూడు హద్దులు పెట్టాం: వాళ్లు అడిగితేనే చెప్పాలి, మందుల జోలికి వెళ్లకూడదు, "నాకు బాగుంది, నీకూ బాగవుద్ది" అనకూడదు. డబ్బు లేనివాడు ఇవ్వగల దానం ఇది. లాభం లేదన్న మాట నోటుబుక్కులో తగ్గుతూ వచ్చింది. ఒకరోజు అన్నాడు: "ఈళ్లకి సెప్పడానికే నాకీ జబ్బు వొచ్చిందేటో."

ఈ మాట వినగానే సంతోషించే బోధకులు ఎక్కువ. మాకు భయమేసింది. కష్టానికి కారణం దొరికిందని మనసు సంబరపడుతోంది, అంటే మొదటి ప్రశ్నే వేషం మార్చుకుని వచ్చింది. ఆ కారణం చెదిరినప్పుడు మనిషీ చెదురుతాడు. ఖండించలేదు కానీ కుడివైపు రాయమన్నాం, అనుకున్నదాని కింద.

ఆరు వారాలు తిరక్కుండానే పక్క మంచం కుర్రాడు, ఈయన సీసా పద్ధతి నేర్పినవాడు, చనిపోయాడు. ఈయన రెండు రోజులు మాట్లాడలేదు. "సెప్పి ఏటి నాబం?" అన్నాడు. డయాలసిస్‌కి మాత్రం వెళ్లాడు. ఆ వారం కొత్త సాధన ఏదీ ఇవ్వలేదు. మానసిక వైద్యుడికి కబురు చేశాం. తగులుళ్లు 5 నిమిషాలు, దాహం దగ్గర టైమరు, అంతే. వారం తర్వాత నోటుబుక్కు తీయించాం. ఎడమవైపు ఏముంది? కుర్రాడు రెండు నెలలు నీళ్లు కొలుచుకుని తాగాడు. చివరి రెండు వారాలు ఆయాసం తక్కువుందని తనే చెప్పాడు. చనిపోయాడు. మూడూ ఎడమవైపువే. "నాబం నేదు" కుడివైపుది. ఆ కుర్రాడికి అందిన ఊరట చావుతో అబద్ధం అయిపోదని ఆయనే చెప్పాడు, కొంచెం తడుముకుంటూ.

అప్పుడు ఉపనిస సుత్తం చెప్పాం. పుట్టుక మీద ఆధారపడి దుఃఖం అని ఆగిపోయే వరసని బుద్ధుడు అక్కడ ఇంకా ముందుకి నడిపిస్తాడు: దుఃఖం ఆధారంగా శ్రద్ధ (నమ్మకం), శ్రద్ధ ఆధారంగా ప్రమోదం, ప్రీతి, ప్రశాంతి, సుఖం, సమాధి, ఉన్నదున్నట్టు చూడటం. దుఃఖం మంచిదని ఎక్కడా లేదు. అది దేనికి ఆధారం కాగలదో ఉంది. ఆ వరసలో మొదటి మెట్టు, శ్రద్ధ, ఈయన ఎక్కింది కుర్రాడు చనిపోయిన వారంలో మంగళవారం ఆసుపత్రికి వెళ్లినప్పుడే అని మా అంచనా.

ఐదు నిత్య స్మరణలు (ముసలితనం, రోగం, మరణం, ఇష్టమైనవాటి ఎడబాటు, నా కర్మకి నేనే వారసుణ్ని) ఈ దశ తర్వాతే మొదలుపెట్టాం. ఐదోదాన్ని "ఇక నుంచి చేసేదానికి" అని విప్పి చెప్పకపోతే ఈ ప్రాంతంలో అది మళ్లీ పూర్వజన్మ దగ్గరికి పోతుంది. నాలుగోది భార్యాభర్తలు కలిసి చదవబోతే ఆవిడ ఏడ్చి లేచిపోయింది. ప్రస్తుతానికి ఆయన ఒక్కడే చదువుతున్నాడు.

తొమ్మిది నెలల తర్వాత

రెండు డయాలసిస్‌ల మధ్య బరువు మొదట్లో మూడున్నర కిలోల దాకా పెరిగేది. ఇప్పుడు రెండు, రెండుంబావు దగ్గర ఉంటోంది. శనివారం నుంచి మంగళవారం దాకా ఉండే పెద్ద విరామంలో కొంచెం ఎక్కువ. ఇందులో ఉప్పు తగ్గించడం వాటా ఎంత, సాధన వాటా ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు. మా అంచనాలో ఉప్పుదే పెద్ద వాటా. ఐదో నెల నుంచి ఒక్క విడత కూడా మానలేదు. కుంగుబాటు మందు డాక్టరు సగానికి తగ్గించారు. దురద అలాగే ఉంది, అప్పు అలాగే ఉంది. కిడ్నీలు బాగవలేదు, బాగవుతాయని ఎవరూ అనలేదు. నకులపిత అనే ముసలి గృహస్థుకి బుద్ధుడు చెప్పింది కూడా ఒళ్లు బాగవుతుందని కాదు, ఒళ్లు రోగంతో ఉన్నా మనసు రోగంతో ఉండకుండా అభ్యాసం చెయ్యమని.

ఇదే పద్ధతి వేరేవాళ్లకి పెట్టేటప్పుడు వరస మార్చొద్దు: మానసిక వైద్యుడు, ఉప్పు, సీసా, తగులుళ్లు, దాహం, మంచం మీద 20 నిమిషాలు, నోటుబుక్కు, మైత్రి, దానం, స్మరణలు. చదువు రానివారికి నోటుబుక్కు బదులు ఎడమ, కుడి అరచేతుల మీద చెప్పించాలి. పొట్టలోంచి చేసే డయాలసిస్ అయితే నాలుగు గంటల పట్టిక పనికిరాదు, సంచి మార్చే సమయాలని పట్టుకుని కొత్తది వేసుకోవాలి.

మిగిలిన పని కొడుకు దగ్గర ఉంది. ఉద్దానం కుటుంబాల్లో పిల్లలు కూడా ఏడాదికోసారి కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకుంటే మంచిది. కొడుకు ఒప్పుకోవడం లేదు. తండ్రి రోజూ ఫోనులో పోట్లాడేవాడు. ఇప్పుడు ఆదివారం ఒక్కసారే అడుగుతున్నాడు, కాదంటే పొలం మాటల్లోకి వెళ్తున్నాడు. వచ్చే నెల గాజువాక వెళ్లి కొడుకుతో మేమే మాట్లాడాలి, ధ్యానం ఊసెత్తకుండా.